ఉప్పు వేసిన ఐసు

మే 1974, గురువారం. నాంపల్లి.

నెలాఖరుకు ఫెలోషిప్ అయిపోతుంది. ఆఖరి రెండు ఎలుకలనూ ఉదయమే కోశాను. కొత్తవి రావాలంటే నెల పడుతుంది. తనంతట తాను చచ్చిపోయే కణంలో ముందు పాడయ్యేది దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియానా, కాదా? నాలుగేళ్లుగా నా గొడవంతా ఇదే. వాటిని కణాల్లోంచి చెదరకుండా తీయాలంటే చల్లగా ఉంచాలి, కానీ గడ్డకట్టనివ్వకూడదు.

ల్యాబులో ఐసు మిషను చెడిపోయింది. అటెండర్ యాదయ్య ఆబిడ్స్ నుంచి గోనెసంచిలో ఐసు తెచ్చి, పగలగొట్టి, ఆ ఎలుకల కణాలున్న ట్యూబుల చుట్టూ సర్దాడు. గంట తర్వాత చూస్తే అన్నీ రాళ్లలా బిగుసుకుపోయాయి. ఇక లోపలి మైటోకాండ్రియా అంతా పగిలిపోయినట్టే.

"ఏం చేశావు యాదయ్యా?"

"జర ఉప్పేసిన మేడమ్. ఎండలు గిట్లున్నయి గద! మా తమ్ముడు కుల్ఫీకి గట్లనే వేస్తడు, మస్తు చల్లగుంటది."

కేకలేద్దామని నోరు తెరిచాను. ఎండలో ఐసు మోసుకొచ్చిన అతని చొక్కా ఇంకా తడిగానే ఉంది. అయినా చల్లగా ఉంచమన్నానే గాని, గడ్డకట్టనివ్వొద్దని నేనెక్కడ చెప్పాను?

వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "రేపు ఐసు ఎన్ని గంటలకు తేవాలె మేడమ్? ఉప్పెయ్య, ఒట్టు."

తొమ్మిదికి తెమ్మన్నాను, ఎలుకల ఖాళీ బోను అతనికి కనబడకుండా అడ్డం నిలబడి.