ముల్లు కాదు నాన్నా

నాన్నా,

నువ్వు పోయి రేపటికి రెండేళ్లు. ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా చెప్పాలి.

చెరువుల మీద నీతో కలిసి వల లాగిన సూరిబాబాయికి ఈమధ్య అన్నం గొంతులో అడ్డం పడటం మొదలైంది. "చేప ముల్లేరా, ముద్ద మింగితే దిగిపోద్ది" అంటూ, నీలాగే నమలకుండా మింగేవాడు. నాకు ఒళ్లు మండింది. "నెల్లాళ్లుంటుందా ముల్లు? నోర్మూసుకుని బండెక్కు బాబాయ్!" అని అరిచి, మండవల్లి నుంచి ఏలూరు తీసుకెళ్లాను. అన్నం దిగే గొట్టంలో క్యాన్సర్.

ఫోన్‌లో చదివింది పట్టుకుని డాక్టరుగారిని అడిగాను. "ఛాతీ తెరవకుండా చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్ చేస్తారటగా. చేత్తో మంచిదాండీ, రోబోతోనా?"

"రెండింట్లోనూ పాడైన గొట్టం తీసేసి, కడుపును పైకి లాగి కలుపుతామండీ. ఇరుకుచోట రోబో సులువుగా తిరుగుతుంది. కానీ చేసేవాళ్ల అనుభవం ముఖ్యం. అంతకన్నా ముఖ్యం, మీరు తొందరగా తీసుకురావడం."

ఆ మాట వినలేక బయటికొచ్చేశాను. నిన్ను తీసుకెళ్లినప్పుడు, ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు.

బాబాయికి రంధ్రాలతోనే చేశారు. ఇవాళ గంజి తాగి, "దిగిందిరా అబ్బాయ్" అని నవ్వాడు. నువ్వు ఆ మాట అంటావనే నెలల తరబడి ఎదురుచూశాను.

ముల్లే అనుకుని నీకు ఆ ముద్దలు కలిపింది నేనే. "ఇంకాస్త పెద్దది చెయ్యరా" అనేవాడివి, చేసేవాణ్ణి. మింగుతుంటే నీ కళ్లలో నీళ్లు తిరిగేవి, నేను వీపు నిమిరేవాణ్ణి.

ఇప్పటికీ కంచం ముందు కూర్చుంటే నా చెయ్యి మొదటి ముద్ద పెద్దదిగానే కలుపుతోంది. దాన్ని విడదీసుకుని తింటున్నాను, నాన్నా.