చిట్కుల్‌లో ఛార్జింగ్

ఇస్నాపూర్,
జూన్ 9

ప్రియమైన డాడీకి వందనాలు.

నువ్వు బండి కొన్నావని రాజారావు అంకుల్ చెప్పాడు. ఫోన్లో నా మాట నీకు వినపడదు కాబట్టి ఈ ఉత్తరం. ఈ వయసులో ఎలక్ట్రిక్ బండి ఎందుకు డాడీ? అది చప్పుడు చేయదు, నీకేమో వెనకాల లారీ హారను వినపడదు. మా మందుల కంపెనీ ముందు హైవే మీద లారీలు ఎట్లా పోతాయో నీకు తెలియదా?

షోరూమ్‌లో నా నంబరు ఇచ్చావట. బండి ఏ ఊళ్లో ఉందో, ఛార్జింగ్ ఎంతుందో అన్నీ నా ఫోన్‌కే వస్తున్నాయి. ఊరి పేరే చూపిస్తుంది, ఇల్లు చూపించదు. చర్చికి, మార్కెట్‌కి అని కదా కొన్నావు? మొన్న పగలంతా చిట్కుల్‌లో ఆగి ఉంది. సంగారెడ్డి నుంచి అంత దూరం నీకేం పని?

ఉత్తరాలు కంపెనీ అడ్రసుకే రాయి. హాస్టల్‌లో పోతున్నాయి.

నీ ఎల్సీ


సంగారెడ్డి,
జూన్ 14

ప్రియమైన ఎల్సీ తల్లికి దీవెనలు.

బండి సుఖంగానే ఉంది. కిక్కు కొట్టే పని లేదు కాబట్టి నా మోకాళ్లు బతికాయి. కానీ షోరూమ్ అతను ఒక్క ఛార్జింగ్‌కి వంద కిలోమీటర్లన్నాడు, అరవై కూడా రాకముందే మొరాయించింది. వెళ్లి అడిగితే, "సార్, మీరు జోరుగ కొడుతున్రు. జెర మెల్లగ నడుపుండ్రి" అని నా మీదికే తోశాడు. బడికి పోయే పిల్లలు సైకిళ్ల మీద నన్ను దాటిపోతున్నారని అతనికెవరు చెప్పాలి?

హారను సంగతి నిజమే. పెద్ద అద్దాలు పెట్టించాను.

చిట్కుల్‌లో తెలిసినవాళ్లున్నారు. హాస్టల్‌లో నీది ఇంకా కిటికీ పక్క మంచమేనా? వార్డెనమ్మను అడిగానని చెప్పు.

మీ డాడీ,
సత్యానందం


ఇస్నాపూర్,
జూన్ 20

ప్రియమైన డాడీకి,

తెలిసినవాళ్లంటే ఎవరు? పేరు ఎందుకు రాయలేదు? మళ్లీ రెండుసార్లు వెళ్లావు. రెండుసార్లూ నేను డ్యూటీలో ఉన్న టైములోనే. చిట్కుల్ చేరేసరికి బ్యాటరీ సగం కూడా ఉండదు, బయలుదేరేటప్పుడు నిండుగా ఉంటుంది. అంటే ఎవరో నిన్ను ఇంట్లోకి పిలిచి ప్లగ్గు ఇస్తున్నారు. అన్నం కూడా పెడుతున్నారేమో.

మన చర్చి దయావతి ఆంటీ వాళ్ల చెల్లెలిది చిట్కులే. ఆంటీని నువ్వే బండి మీద దింపుతున్నావా? మమ్మీ పోయాక నువ్వు ఒంటరివయ్యావని నాకు తెలుసు. తోడు కావాలనుకుంటే నేను కాదంటానా? నాకు చెప్పకుండా దాయడమే బాధగా ఉంది.

అవును, కిటికీ పక్క మంచమే. వార్డెనమ్మకు చెప్పాను.

ఎల్సీ


సంగారెడ్డి,
జూన్ 25

నా ఎల్సీకి,

ఈ ఉత్తరం కంపెనీకి కాదు, నువ్వుండే చిట్కుల్ ఇంటికే వేస్తున్నాను.

బండి కొన్న మర్నాడే నీకు చూపిద్దామని హాస్టల్‌కి వచ్చాను. వార్డెనమ్మ, "ఎల్సీనా? క్రిస్మస్ కాంగనే ఖాళీ చేసింది గద సార్. పెండ్లి చేసుకొని చిట్కుల్‌ల కిరాయికుంటున్నరు. మీకు తెల్వదా?" అంది. తెలుసన్నట్టు తల ఊపాను.

నిన్ను చేయి పట్టుకుని తీసుకుపోదామనే చిట్కుల్ వచ్చాను. సందులన్నీ తిరిగి మీ ఇల్లు పట్టుకునేసరికి బండి ఆగిపోయింది. నువ్వు డ్యూటీలో ఉన్నావు. నైట్ షిఫ్టు చేసి పడుకున్న నీ భర్త శ్రావణ్‌కుమార్ లేచి తలుపు తీశాడు. నా ఫోటో చూసి ఉన్నాడేమో, ఎవరని అడగలేదు. కుడి చెవి వైపుకి వచ్చి, "మామా, ఎండల నిలబడకు. బండి నేను లోపలికి తోస్త, నువ్వు రా" అన్నాడు. నాకు ఏ చెవి వినపడుతుందో కూడా చెప్పి ఉంచావన్నమాట.

"నాకు చెప్పకుండ నా బిడ్డనెట్ల చేసుకున్నవ్?" అని గద్దించాను.

"తప్పే మామా. చెప్దామని నేను అంటనే ఉన్న. ఆమెకే భయం."

"నేనేమన్న కొడుతనా?"

"గాదు మామా. నువ్వు మాట్లాడుడు బంద్ జేస్తవని."

కోపమొచ్చిన మనిషి లేచి వెళ్లిపోవాలి, నాకేమో బ్యాటరీ నిండేదాకా కదిలే వీలు లేదు. అతను పప్పు చేసి పెట్టాడు. ఉప్పు ఎక్కువైంది. అయినా మళ్లీ వెళ్లాను. నిద్ర మానుకుని నాతో కూర్చుంటాడు.

నీకు చెప్పొద్దని నేనే అన్నాను, అతని మీద అరవకు. నీ అంతట నువ్వు రాస్తావేమోనని చూశాను. నువ్వు కిటికీ పక్క మంచమని రాశావు.

అతను మన విశ్వాసంలోని వాడు కాదని నేను ఒప్పుకోననుకున్నావు. ఒప్పుకునేవాడినో కాదో నాకూ తెలియదు. అడిగి ఉంటే ఇద్దరికీ తెలిసేది. నీ పెళ్లిలో నేను లేను. ఆ బాధ పోయిందని అబద్ధం రాయలేను.

ఆదివారం ఆరాధన అయ్యాక వస్తాను. ఈసారి తలుపు నువ్వే తీయి.

డాడీ