మెల్లగా నడిచేవాళ్లు ముందు

మే 9

బస్సు దగ్గరికి అమ్మా నేనూ ముందు చేరుకున్నాం. నాన్న ఎప్పటిలాగే వెనకబడ్డారు. కాలి ఆపరేషన్ అయినప్పటినుంచీ ఇంతే. మీరు పదండి, నేను వస్తానంటారు. మేం సందు మలుపులో నిలబడి, ఆయన కోసం చూస్తూనే చూడనట్టు నటిస్తాం.

ఈ అడవి కోర్సు ఆయన ఐడియానే. నా వయసులో కనిపించిన కొండనల్లా ఎక్కేశారట. ఆయన పాత బ్యాగే ఇప్పుడు నా వీపు మీద ఉంది. పది రోజులు నడక, ఫోన్ లేదు. సెలవుల్లో మంచం మీద పడుకోవడంలో ఉన్న హాయి ఈ పెద్దవాళ్లకి ఎప్పటికి తెలుస్తుందో.

మే 11

కాళ్లు నావి కావనిపిస్తోంది.

పొద్దున్న లీడర్ మేడమ్ మా ఎనిమిదిమందినీ కాసేపు నడిపించి చూసింది. తర్వాత నన్ను పిలిచి లైన్‌లో అందరికన్నా ముందు నిలబెట్టింది. ఏదో గొప్ప చూసిందనుకుని పొంగిపోయాను. తీరా ఆవిడ రూల్ ఏమిటంటే, మెల్లగా నడిచేవాళ్లు ముందు నడవాలి, వాళ్లని ఎవరూ దాటకూడదు. అప్పుడు ఎవరూ తప్పిపోరట. ఆ ముక్క అందరి ముందూ చెప్పాలా? తల కొట్టేసినట్టయింది.

నా వెనకే పొడుగోడు. వాడి ఒక్క అడుగుకి నావి మూడు. గూడ్స్ బండి వెనక ఎక్స్‌ప్రెస్ ఇరుక్కుపోయిందని గొణిగాడు. సాయంత్రానికి నా పేరు గూడ్స్ బండి అయి కూర్చుంది. టెంట్‌లో నా పక్కన పడుకునే కళ్లజోడు పిల్ల కూడా నోరు జారి అలాగే పిలిచింది, పాపం.

మే 12, ఉదయం

ముందు నడిచేవాళ్లకి ఇంకో సన్మానం కూడా ఉంది. సాలీళ్లు రాత్రంతా దారికి అడ్డంగా కట్టిన గూళ్లన్నీ వాళ్ల మొహానికే. ఒకటి నోట్లోకి పోయింది.

మే 13

ఎల్లుండి రోడ్డు తగిలే చోటికి సరుకులతో జీప్ వస్తుంది. వెళ్లిపోదామనుకునేవాళ్లు అందులో వెళ్లిపోవచ్చు. వెళ్తానని మేడమ్‌తో చెప్పేశాను. ఎందుకని అడుగుతుంది, బతిమాలుతుంది అనుకుని జవాబులన్నీ సిద్ధం చేసుకున్నాను. సరేనంది. స్టవ్ తుడుచుకుంటూ ఉండిపోయింది.

నాన్నకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆయన ఏమీ అనరు. బాధంతా అదే.

మే 14

పొగమంచు. పక్కనున్న చెట్టు కూడా కనిపించలేదు. దారి చూడటానికి మేడమ్ నా పక్కనే నడిచింది. వెనకనుంచి గొణుగుడు లేకపోతే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. నీళ్లు తాగడానికి ఆగి చూస్తే పొడుగోడు లేడు.

లేసు కట్టుకుంటాను, మీరు పదండి అన్నాడట. కళ్లజోడు పిల్ల చెప్పింది.

మేడమ్ మొహం పాలిపోయింది. విజిళ్లు ఊదుకుంటూ, ఒకళ్ల బ్యాగ్ ఒకళ్లు పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి నడిచాం. లోయ ఎటుందో కూడా తెలియదు. చాలా భయమేసింది. నోరెండిపోయి నా విజిల్ సరిగా మోగలేదు.

ఓ బండ పక్కన దొరికాడు. షూ విప్పేసి కూర్చున్నాడు. షాపులో ఇంకో సైజు లేదని, మోడల్ వదులుకోలేక, ఒక సైజు తక్కువ కొన్నాడట. మడమలు రెండూ చర్మం ఊడి పచ్చిగా ఉన్నాయి. రెండు రోజులుగా ఎవరికీ చెప్పలేదు. చెబితే లైన్‌లో ముందు నిలబెడతారని.

అంటే నా చోట్లో. నా చోటంటే వాడికి అంత భయం.

మే 15, మధ్యాహ్నం

జీప్ వచ్చింది. నా బ్యాగ్ ఎక్కించేశాను.

మేడమ్ పొడుగోడి మడమలకి కట్టు కట్టి, జీప్ డ్రైవర్ దగ్గరున్న లూజు షూ ఇప్పించింది. నడిస్తే ముందు నడవాలి, లేదంటే జీప్ ఎక్కాలి అంది. వాడు బ్యాగ్ జీప్‌లో పెట్టేశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జాలేసి, ముందు నడవడం ఏమంత కష్టం కాదన్నాను. నీకేం, నీకు అలవాటేగా అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. వీపు మీద ఏడుగురి చూపులు మోయడం ఎవరికైనా అలవాటవుతుందా? అదే మాట అడిగేశాను, అందరూ వింటుండగా. వాడి బ్యాగ్ లాగి కింద పడేశాను. ఆ ఊపులో నాదీ దించేశాను. వాణ్ని నా చోట్లో నిలబెట్టి నేను జీప్‌లో పోవడం నాకే బాగోలేదు.

వాడికి ఒక కర్ర ఇచ్చి, సాలెగూళ్లు తగలకుండా మొహం ముందు పట్టుకోమన్నాను. ఇంకొకటి కూడా చెప్పాను, వెనక్కి చూడొద్దని. చూస్తే అందరి మొహాల్లో తొందర కనిపించి అడుగు తడబడుతుంది.

వాడి వెనకే నడిచాను. నాకన్నా మెల్లగా నడిచేవాళ్ల వెనక నడవడం నాకిదే మొదటిసారి. కాళ్లు ఊరుకోవు. పొడుగోడు ఎందుకు గొణిగేవాడో కాస్త అర్థమైంది.

మే 18

కొండ పైకి ముందు వాడు, తర్వాత నేను. కింద నది మొత్తం కనిపించింది. వెనకాల జనం ఉన్నారన్న సంగతి మర్చిపోయి ఇద్దరం అలాగే నిలబడిపోయాం. బండి కదులుతుందా లేదా అని కళ్లజోడు పిల్ల వెనకనుంచి అరిచింది.

మే 21

సాయంత్రం నాన్నతో మందుల షాపుకి. గేటు దగ్గరే, నువ్వు పద, నేను వస్తానన్నారు.

నేను కదల్లేదు. ఆయన్నే ముందు నడవమన్నాను. ఎందుకని అడగలేదు. కొండలెక్కిన మనిషి కదా.

సందు మలుపులో తల తిప్పబోయారు. వెనక్కి చూడొద్దన్నాను.