టోపీ చాటు ముఖం

పారిస్, సెయింట్ ఆంటోయిన్ పేట
మే, 1790

నాయన గ్రెగ్వార్‌కు అమ్మ ఆశీస్సులు. మోకాళ్ల నొప్పులు తప్ప ఇక్కడ నేను కులాసా. బ్రెస్ట్ రేవు గాలి పడటం లేదని రాశావు, ఉన్ని చొక్కా విప్పకు.

కోట సంగతి అడిగావు. బాస్టిల్ దాదాపు నేలమట్టమైంది. ఆ రాళ్లను బొమ్మకోటలుగా చెక్కితే జనం ఎగబడి కొనుక్కుంటున్నారు. పోయిన జూలైలో జనం ఆ జైలుకోట మీద పడ్డ రోజు మీ నాన్నను పొట్టనబెట్టుకున్న గోడ అది. నేను అటువైపే వెళ్లడం లేదు.

"ముక్కూముఖం తెలియనివాణ్ణి నా గదిలో ఎందుకు పెట్టావమ్మా?" అని కోప్పడ్డావు. లాంబేర్ తాత కోటలో ఏళ్ల తరబడి ఖైదీగా మగ్గానని చెప్పుకుంటే పేటంతా నెత్తిన పెట్టుకుంది. పక్కింటి ఉర్సుల పోరు పడలేక గది ఇచ్చాను. నాకు మొదటి రోజు నుంచీ అనుమానమే. ఆ రోజు బయటికొచ్చిన ఖైదీలు ఏడుగురే కదా అంటే, "నన్ను లెక్కపెట్టడం మరిచారమ్మా" అంటాడు. చీకటికొట్లో మగ్గినవాడికి బుగ్గల్లో ఆ ఎరుపెక్కడిది? లేవగానే దుప్పటి అంచులు కలిపి మడిచే అలవాటెక్కడిది?

పోయిన వారం రొట్టెల దుకాణం ముందు వరుసలో నిలబడ్డాం. తెరలు దించిన బండి ఒకటి సందులోకి వచ్చింది. అందరం పక్కకు జరిగాం. లాంబేర్ మాత్రం గిరుక్కున గోడవైపు తిరిగి, టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకుని కొయ్యలా నిలబడిపోయాడు.

"ఏం తాతా, బండిలో పెళ్లికూతురేమైనా ఉందా? తెగ సిగ్గుపడిపోతున్నావ్!" అని ఉర్సుల పకపకా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ కోట సైనికుల చొక్కాలు ఉతికి, వాకిట్లో ఇచ్చి వచ్చేదాన్ని కదా. కొత్త ఖైదీని తెచ్చే బండి వస్తే కాపలావాళ్లంతా అచ్చం అలాగే చేసేవారు. లోపల ఎవరున్నారో చూడకూడదని ఆజ్ఞ. ఖైదీకి ఆ అలవాటు ఎందుకుంటుంది? ముందే ఎందుకు గుర్తుపట్టలేదంటావేమో. నేను చూసినవి టోపీలేరా, ముఖాలు కాదు.

ఇంటికొచ్చి, గడియపెట్టి అడిగేశాను. "నువ్వు ఖైదీవి కావు, కాపలావాడివి. ఆ రోజు తుపాకీ పేల్చావా?"

ఆయన టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "పేల్చానమ్మా. అందరం పేల్చాం. ఆ పొగలో ఎవరికి తగిలిందో దేవుడికే తెలియాలి. ఖైదీనని చెప్పకపోతే అప్పుడే చంపేసేవాళ్లు. ఇప్పుడు నువ్వు ఒక్క కేకేస్తే చాలు."

కేక నోటిదాకా వచ్చింది. ఉర్సుల మొగుడికి తెలిస్తే లాంతరు స్తంభానికి వేలాడదీసేదాకా ఊరుకోడు. మీ నాన్నకు తగిలిన గుండు ఇతనిదేనా అన్న అనుమానం నన్ను తినేస్తోంది. అయినా రోజూ సూపు గిన్నె అతని ముందు పెడుతూనే ఉన్నాను. నేను క్షమించలేదు నాయనా. కానీ వట్టి అనుమానం మీద మనుషుల్ని ఆ కోటలో పడేస్తున్నారనే కదా మీ నాన్న ఆ రోజు వెళ్లాడు! ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చదివి పొయ్యిలో వేసెయ్యి.

లాంబేర్ టోపీ దాచేశాను. నిన్న మళ్లీ తెరల బండి వచ్చింది. ఆయన చెయ్యి దానంతటదే తలమీదికి లేచింది. ఉర్సుల ఇటే చూస్తోంది. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించి, బండి దాటిపోయేదాకా వదల్లేదు. తుపాకీ పేల్చిన చెయ్యి అదే.

ఇట్లు,
నువ్వు వచ్చేదాకా నోరు మెదపని
మీ అమ్మ, పెర్రెట్