పాముతల పూల గడ్డి

నాన్నా, ఆక్స్‌ఫర్డ్ బస్సుకి టైమైపోయింది. ఫిష్ పై చేసి ఓవెన్లో పెట్టాను, వేడి చేసుకుని తిను. షెడ్ తాళంచెవి నేను పట్టుకెళ్తున్నా, వెతక్కు. నీకిక గడ్డి కోసే మిషన్ ఇవ్వను.

గడ్డిలో గంటల్లా వేలాడే ఆ పాముతల పూలు వాడిపోయాయని నిన్న మొత్తం కోసేశావు. కాయలు ఎండి గింజలు నేలమీద పడేదాకా, జులై దాకా, అక్కడి గడ్డి ముట్టుకోవద్దని అమ్మ ఆస్పత్రి మంచం మీద కూడా చెప్పింది కదా! విత్తనం చల్లి ఏళ్ళ తరబడి కాచుకు కూర్చుంది. తీరా తను పోయాక, ఈ ఏప్రిల్లో మొదటిసారి పూశాయి.

నిన్న చాలా తిట్టాను. నేలలో వాటి దుంపలు బతికే ఉంటాయిలే.

హెటీ

ఇంకో మాట. ఆపిల్ చెట్టు కింద ఒక్క పాముతల పూల కాయ మిగిలింది. గుర్తుగా పక్కన పుల్ల గుచ్చి, దానికి అమ్మ తోటపని గ్లవ్ తొడిగాను. చూసి ఏడుపొస్తే, నేనొచ్చేదాకా ఆగు.