కళ్ళ కింది కుట్లు

మార్చి 4

మళ్ళీ నా మొహమే కుడుతున్నాను. ఫోటోను బట్ట మీద ప్రింట్ చేయించి, జుట్టుకు మా షాపులో కత్తిరించిన పాంట్ల అంచులు అతికించాను. ఊరందరి పాంట్లూ నా నెత్తినే. రోజంతా ఆల్టరేషన్లు చేసి, ఇంటికొచ్చి మళ్ళీ సూది పట్టుకుంటే మా ఆయనకు నవ్వు. అద్దంలో చూసుకుంటే సరిపోదా అంటాడు. అద్దం చూసుకునే తీరిక ఎక్కడ ఏడ్చింది నాకు.

మార్చి 7

కుట్టుబొమ్మల ఎగ్జిబిషన్ పెట్టే మేడమ్ వచ్చి చూశారు. జుట్టు బాగుందట గానీ, బొమ్మకు ప్రాణమంతా కళ్ళ కింద బూడిదరంగు దారంతో కుట్టిన ముడతల్లోనే ఉందట. అవి చూసే తీసుకుంటున్నారట. ఇన్నేళ్ళ అలసటను ఒక మనిషి ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదలు. సిగ్గులేని ఏడుపు వచ్చేసింది. పన్నెండో తేదీకల్లా ఇవ్వాలి. దాటితే ఈ ఏడాది ఎగ్జిబిషన్లో నా బొమ్మకు గోడ లేదు.

మార్చి 9

ఒళ్ళు నొప్పులు. ఒక్క కుట్టూ వేయలేదు.

మార్చి 11, సాయంత్రం 6

షాపు నుంచి వచ్చేసరికి అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని, నా బొమ్మ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళ కింద కుట్లన్నీ విప్పేశారు. చిన్న కత్తెరతో, బట్ట పోగు ఒక్కటీ తెగకుండా. నాకు సూది పట్టడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు, కుట్టు విప్పడం మాత్రం మరిచిపోలేదు.

అరిచాను. కస్టమర్ల ముందు మింగిన కోపమంతా ఆవిడ మీద కక్కాను. ఆవిడ ఊడిన దారాన్ని ఉండచుట్టి నా చేతిలో పెట్టి, ఈ వయసుకే నీకిన్ని ముడతలేంటి తల్లీ, చూడలేక తీసేశాను అన్నారు.

ఆ దారం ఉండ పట్టుకుని లైటు కిందకి వెళ్ళాను.

7.30

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్ళీ కుట్టబోయాను. గుచ్చిన చోటల్లా బట్ట చిరుగుతోంది. ఆపేశాను. దారం పోయింది గానీ సూది కన్నాలు అలాగే ఉన్నాయి, ముడతలున్న చోటే, వరసగా.

మార్చి 12

అలాగే పట్టుకెళ్ళాను. మేడమ్ చాలాసేపు ఆ కన్నాలను వేలితో తడిమారు. ఇదేం టెక్నిక్ అని అడిగారు. మా అత్తయ్యది అన్నాను. గోడకు పెడతారట. లేబుల్ మీద ఇద్దరి పేర్లూ రాయమన్నాను. సెల్ఫ్ పోర్ట్రెయిట్‌కు రెండు పేర్లేంటి అన్నారు. ఇద్దరం చేశాం మరి అన్నాను. రాశారు.

మార్చి 15

పొద్దున కాఫీ ఇవ్వబోతే అత్తయ్య గ్లాసు పక్కన పెట్టించి, నా మొహాన్ని దగ్గరకు లాక్కున్నారు. కళ్ళ కింద గోటితో మెల్లగా గీరుతూ దారం కొస వెతుకుతున్నారు. షాపుకు లేటవుతోంది. కదలకుండా కూర్చున్నాను.