తయారీదారు: తెలియదు

చిరంజీవి అబ్బాయికి,

మేడమీది వాటా నుంచి నీ పిన్ని దీవెనలు. ఫోను చెయ్యక ఉత్తరం రాసిందేమిటని విసుక్కోకు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోను ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి గొంతులూ చెవిలో పోసుకున్నదాన్ని. రిటైరయిన రోజే ఆ చెవికి సెలవిచ్చేశాను.

నువ్వు బిగించి వెళ్ళిన కంప్యూటరు బాగుంది. అందులో చదరంగం ఇంకా బాగుంది. భోజనమయ్యాక ఒక ఆట వేసుకుంటే మధ్యాహ్నం ఇట్టే గడిచిపోతోంది. చిక్కల్లా ఒక్కటే. ఆట బొమ్మ మీద నొక్కగానే తెరంతా చీకటైపోతుంది. ఆ చీకటి మధ్యలో ఒక చిన్న పెట్టె లేచి, "ఈ ప్రోగ్రాముకు మీ కంప్యూటర్లో మార్పులు చేసే అనుమతి ఇస్తారా? తయారీదారు: తెలియదు" అంటుంది. కింద అవును, కాదు అని రెండు మీటలు.

మొదట్లో ముచ్చటేసింది. మేమూ ఎవరి లైన్లోకైనా వెళ్ళేముందు అలాగే అడిగేవాళ్ళం. ఇప్పుడు అడిగి లోపలికొచ్చేవాళ్ళు ఎక్కడున్నారు? మీ అక్కనే చూడు. కన్నతల్లినే కదా అని అడక్కుండా నా బీరువా తెరిచి, బట్టలన్నీ పెట్టెలో సర్దేసి, ఇక మా ఇంట్లోనే ఉందువుగాని పద అంది. నేను ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకున్నాను. అప్పట్నుంచి మా తల్లీకూతుళ్ళకు మాటల్లేని సంగతి నీకు తెలిసిందే.

సరే, ఈ పెట్టె సంగతికి వస్తాను. మొన్న అవునన్నాను, నిన్న అవునన్నాను, ఇవాళ మళ్ళీ ముక్కూ మొహం తెలియనట్టు అడుగుతుంది. పైగా ఆ చీకటి పడినప్పుడల్లా గుండె ఝల్లుమంటోంది. దీనికేదైనా మార్గం చూడు.

ఉంటాను,
నీ పిన్ని

తా.క. ఒకసారి 'కాదు' నొక్కి చూశాను. ఒక్క మాటయినా అనకుండా వెళ్ళిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

*

పిన్నికి,

కంప్యూటర్లు బాగుచేసే నీ అక్క కొడుకు నమస్కారాలు. నీ ఉత్తరం కొట్లో అందరికీ చదివి వినిపించాను, కోప్పడకు.

ఆ ఆట ఎవరో ఎప్పుడో సొంతంగా రాసుకున్నది. పాత సామానులో దొరికితే బాగుందని నీకు పెట్టాను. దాని మీద ఏ కంపెనీ సంతకమూ లేదు కాబట్టి కంప్యూటరు దాన్ని రోజూ కొత్తగానే చూస్తుంది. కొందరు విసుగొచ్చి ఈ అడగడాన్నే మొత్తంగా ఆపేసుకుంటారు. ఆ పని మాత్రం చెయ్యకూడదు. తెలిసినవాడొకడు రోజూ తలుపు కొడుతున్నాడని తలుపే పీకి గోడకు చేరేసినట్టవుతుంది. అందుకని ఆ ఒక్క ఆటకే అడక్కుండా వచ్చే వీలు కల్పిస్తాను. దాని పేర కంప్యూటరుకు ఒక పని అప్పజెప్పి, పూర్తి అధికారాలతో నడవమని టిక్కు పెట్టి, ఆ పనిని పిలిచే కొత్త బొమ్మ నీ తెర మీద పెడతాను. ఇకమీదట ఆ బొమ్మనే నొక్కు.

గురువారం మధ్యాహ్నం కొట్లోంచే నీ కంప్యూటర్లోకి వస్తాను. ఒక్కసారి అవును నొక్కు. ఆ తర్వాత బాణం గుర్తు దానంతటది తిరుగుతుంది, బెదిరిపోకు, అది నేనే. నమ్మకస్తుల జాబితా ఒకటి పెట్టి అందులో నా కంప్యూటరునూ చేరుస్తాను. ఇంకోసారి రావలసివస్తే నిన్ను లేపక్కర్లేదు.

ఇట్లు,
నీ మెకానిక్కు

తా.క. ఇది తప్ప ఇంక దేనికీ అవును అనకు. నీ సంగతి నాకు తెలుసు. నీళ్ళ మీటరు చూడ్డానికొచ్చినవాణ్ణి కూడా కూర్చోబెట్టి పలహారం పెడతావు.

*

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. నువ్వన్నట్టే అయింది. చీకటీ లేదు, పెట్టే లేదు. నీకు పుణ్యముంటుంది.

నువ్వు రోజూ వచ్చి నాతో ఆడటం మాత్రం నేననుకోనిది. చిన్నప్పుడు ఓడిపోయేట్టుంటే బల్ల తిరగేసేవాడివి, ఇప్పుడెంత నెమ్మది వచ్చింది! నేను భోజనం చేసి చెయ్యి తుడుచుకుని వచ్చేసరికి ఆట తెరిచే ఉంటోంది. నేను ఎత్తు వేసి చెయ్యి తియ్యగానే బాణం మెల్లిగా కదిలి నల్లబంటును పట్టుకుని జరుపుతుంది. నిన్న పరధ్యానంలో నా మంత్రిని నీ ఏనుగుకు ఎదురుగా పెట్టాను. బాణం వచ్చి మంత్రి చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దాన్ని మళ్ళీ దాని గడిలోనే పెట్టింది. చూసుకుని ఆడవే అన్నట్టుంది.

పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తితే నేను తిరిగొచ్చేదాకా కదలకుండా ఉంటావు. నేను దగ్గితే బాణం సగం దారిలో ఆగిపోతుంది. దగ్గు తగ్గాకే కదులుతుంది. పిన్ని అంటే ఇంత ప్రేమ ఉందని నాకెప్పుడూ చెప్పలేదేం?

ఒక్కటే చివాట్లు పెడతాను. వచ్చినవాడివి వచ్చానని ఒక్క మాట రాయకూడదూ? లైన్లో ఉండి పలక్కపోవడం మర్యాద కాదు.

ఉంటాను,
నీ పిన్ని

తా.క. ఇంతసేపు నాతో ఆడుతుంటే కొట్లో కంప్యూటర్లు ఎవరు బాగుచేస్తున్నారు? జనం వస్తున్నారా అసలు?

*

పిన్నీ,

నమస్కారాలు తర్వాత పెట్టుకుంటాను. ముందు ఇది చదువు.

నేను వచ్చింది గురువారం ఒక్కరోజే. ఆ తర్వాత నీ కంప్యూటరు ముఖం చూడలేదు. కంప్యూటరు తనంతట తాను ఆడుతోందిలే అనుకోవడానికీ లేదు. అది ఆడేటప్పుడు పావు ఒక్కటే కదులుతుంది, బాణంతో దానికి పనిలేదు. బాణం వచ్చి పావును పట్టుకుందంటే ఆ బాణం వెనక ఒక చెయ్యి ఉందన్నమాట.

ఇంకో సంగతి. నీ కంప్యూటరుకు కెమెరా లేదు, మైకు లేదు. నువ్వు దగ్గితే వినడానికి దానికి చెవుల్లేవు.

గోడ దగ్గర నీలం వైరు ఉంటుంది, బయటివాళ్ళు లోపలికొచ్చేది దాని గుండానే, అది పీకెయ్. ఆట తెరవకు. నువ్వు ఒక్కదానివే ఉన్నావు. అక్కకు చెప్పమంటావా?

ఇట్లు,
నీ మెకానిక్కు

తా.క. ఈలోగా దగ్గు మందు వేసుకో.

*

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. అక్కకు చెప్పావో, నీకూ నాకూ చెల్లు. ఎవరో కనపడనివాళ్ళతో చదరంగం ఆడుతోందని వింటే మర్నాటికల్లా ఆ బట్టల పెట్టె పట్టుకుని దిగుతుంది. మతి చెడిందని ముద్ర వేశాక ఇక నా మాట ఎవరు వింటారు? ఈ రెండు గదులూ, నా ఇష్టమొచ్చినప్పుడు వేసుకునే ఈ గొళ్ళెం, నాకు మిగిలింది ఇదే. ఇవి పోతే నేను బతికున్నా లేనట్టే.

వైరు పీకలేదు. అవతల మనిషి ఉండగా లైను తెంపడం నాకు చేతకాదు. అలాగని భయం లేదని కాదు. నీ ఉత్తరం చదివాక కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాను. ఆట పక్కన మాటలు రాసుకునే చోటొకటి ఉంది కదా, అందులో "ఎవరు?" అని కొట్టాను. బాణం వచ్చింది. ఆ మాట కింద నిలబడింది. వీధిలో దీపాలు వెలిగేదాకా అక్కడే ఉంది. నేను దుప్పటి తెచ్చి కంప్యూటరు మీద కప్పేశాను.

తర్వాత కూర్చుని ఆలోచించాను. ఎక్స్ఛేంజిలో మా బోర్డు మీద దీపం వెలిగేది, ప్లగ్గు పెడితే అవతల ఎవరూ పలికేవారు కాదు. పలక్కపోవడంలోనూ రకాలున్నాయిరా. పొరపాటున చేసినవాళ్ళు గాభరాపడతారు. ఆకతాయిలు నవ్వు ఆపుకుంటారు. చెప్పాల్సింది గొంతుదాకా వచ్చి, అలకో అభిమానమో అడ్డుపడి ఆగిపోయినవాళ్ళు ఇంకో రకం. వీళ్ళు లైను వదలరు. ఇది ఆ మౌనమే. దొంగైతే నా మంత్రిని వెనక్కి ఎందుకిస్తాడు?

ఉంటాను,
నీ పిన్ని

తా.క. నీలం వైరు మీద దుమ్ముంటే తుడిచాను. అంతవరకే.

*

పిన్నికి,

నమస్కారాలు, దాంతోపాటు క్షమాపణలు కూడా.

అలక అని నువ్వు రాసేసరికి నా బుర్రలో దీపం వెలిగింది. ఆ రోజు నమ్మకస్తుల జాబితా కొత్తగా రాయడానికి బద్ధకించి, అంతకుముందు అక్క వాళ్ళింట్లో కంప్యూటరుకు రాసిందే ఎత్తి నీ దాంట్లో పెట్టేశాను. అందులో నా కంప్యూటరుతోపాటు అక్క కంప్యూటరూ ఉంది. అంటే తను ఎప్పుడు కావాలంటే అప్పుడు నిన్ను అడక్కుండా లోపలికి రావచ్చు. లోకం మొత్తంమీద ఆ వీలున్నది మా ఇద్దరికే. నేను రాలేదు. ఇక మిగిలిందెవరో నువ్వే చెప్పు.

పాపం, మాట్లాడ్డానికి మొహం చెల్లక, అమ్మ బాగుందో లేదో చూసుకోవడానికి రోజూ ఇలా వస్తోంది కాబోలు. నేను తనతో ఏమీ అనలేదు. అది మీ ఇద్దరి మధ్య సంగతి. తప్పు మాత్రం దిద్దాను. ఇవాళ కొట్లోంచి వచ్చి ఆ జాబితా తుడిచేశాను. ఆటకిచ్చిన వీలు కూడా తీసేశాను. ఇకమీద నేనైనా, అక్కయినా, ఆ ఆటయినా నిన్ను అడిగే రావాలి. చీకటి పడితే ఝడుసుకోకు.

ఇట్లు,
నీ మెకానిక్కు

తా.క. దగ్గు సంగతి మాత్రం నన్నడక్కు. అక్క ఊహించి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

*

చిరంజీవి అబ్బాయికి,

ఆశీస్సులు. ఈ ఉత్తరం నిదానంగా చదువు.

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివి అక్కడే కూర్చుండిపోయాను. ఎంత ఏడ్చానో, కింది వాటావాళ్ళు బయటికొచ్చి ఏమైందని అడిగారు. కూతురు చదరంగం ఆడుతోందని చెబితే అయోమయంగా చూసి లోపలికెళ్ళారు. ఆ పూటే మీ అక్కకు రాశాను. రోజూ వస్తున్నావని నాకు తెలిసిపోయిందే, అడక్కుండా వచ్చినా నాకేం కోపం లేదు, ఈసారి మెట్లెక్కి రా అని. నువ్వు జాబితా తుడిచాక బాణం రాలేదు. అడిగి రావాలనేసరికి సిగ్గుపడిందనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. తన దగ్గర తాళంచెవి ఉంది కదా, అయినా గంట కొట్టింది. తలుపు తీస్తే గడప అవతలే నిలబడి, "లోపలికి రావచ్చా అమ్మా?" అంది. నా కూతురు నన్ను అడిగిందిరా. పెట్టె తేలేదు. చేతిలో నా ఉత్తరం ఒక్కటే ఉంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. కాఫీ తాగుతూ, ఇంత బాగా ఆడటం ఎవరి దగ్గర నేర్చుకున్నావే అని అడిగాను.

కప్పు కింద పెట్టి నా వంక అదోలా చూసింది. తనకు గుర్రం ఎటు దూకుతుందో కూడా తెలియదట. నా ఉత్తరం ఒక్క ముక్క అర్థం కాలేదట, అమ్మకు ఏదో అయిందని హడలిపోయి బయల్దేరిందట. తన కంప్యూటరు ఎప్పుడో కాలిపోయిందని నువ్వే తీసుకెళ్ళావట కదా? విప్పదీసి నీ కొట్టు అటక మీద పెట్టావట. మరిచిపోయావా నాయనా?

నేను కంప్యూటరు వైపు చూడలేకపోయాను. అమ్మాయే లేచి వెళ్ళి నీలం వైరు పీకేసింది. వైరు తన చేతిలో వేలాడుతూనే ఉంది, తెర చీకటైపోయింది. మేమెవరం దేన్నీ నొక్కలేదు. పెట్టె లేచింది. అనుమతి ఇస్తారా? తయారీదారు: తెలియదు.

అమ్మాయి వైరు వదిలేసి నా పక్కకొచ్చి కూర్చుంది. "కాదని నొక్కమ్మా," అంది గొంతు తగ్గించి. నొక్కలేకపోయాను. ఎవరైతేనేం, నా కూతుర్ని నా గుమ్మానికి తెచ్చిపెట్టారు. అలాగని అవునని నొక్కడానికీ ధైర్యం చాల్లేదు. అలా చూస్తూ ఉండిపోయాం. కాసేపటికి చీకటి తొలగిపోయింది. బల్ల మీద పావులన్నీ మొదటి ఎత్తుకు సిద్ధంగా, వరసగా నిలబడి ఉన్నాయి.

అమ్మాయి ఈ రాత్రికి ఇక్కడే ఉంటానంది. పొద్దున్నే తనతో వెళ్ళి నాలుగు రోజులు ఉండి వస్తాను. బీరువా నేనే తెరిచి ఇచ్చాను, తను సర్దుతోంది.

ఉంటాను,
నీ పిన్ని

తా.క. ఒక్కటి చెప్పరా, నీకు తెలిసిన విద్యే కదా. అవును అంటేనే గాని ఆట తెరుచుకోదు. ఆ అవును ఎవరు నొక్కారు? నా చేతులు రెండూ అప్పుడు అమ్మాయి చేతుల్లో ఉన్నాయి.